ఎనిమిదో గ్లాసు

నా నవల మూడు వందల నలభై పేజీలు. అందులో ఏజెంటు పట్టుకున్నది ఒక్క టీ గ్లాసుని.

ఏజెంటు అనగానే మా ఆయన ఇన్సూరెన్సు ఏజెంటనుకున్నాడు. ఈ వయసులో మనకి కొత్త పాలసీలెందుకన్నాడు. అది కాదు, మనం రాసిన పుస్తకాన్ని పబ్లిషర్ల దగ్గరికి తీసుకెళ్లి, మాట్లాడి, ఒప్పించి అచ్చు వేయించే మనిషి అని చెప్పాను. ఓహో, పెళ్లిళ్ల పేరయ్య అన్నమాట అన్నాడు. దాదాపు అంతే. కాకపోతే పేరయ్య ఎలాంటి సంబంధాన్నయినా భుజాన వేసుకుంటాడు, ఏజెంటు వేసుకోదు. పద్నాలుగు మందికి పంపితే పదకొండు మంది ఉలకలేదు, పలకలేదు. ఇద్దరు మర్యాదగా వద్దన్నారు. పద్నాలుగో ఆవిడ మాత్రం రెండు పేజీల ఉత్తరం రాసింది.

ఉత్తరం తీయగానే పొగడ్త మొదలైంది. మనుషులు కళ్లకు కట్టారట, మాటలు చెవిలో వినిపిస్తున్నాయట. రెండో పేరాలో 'కానీ' వచ్చింది. ఇప్పుడున్నట్టుగా అయితే తీసుకోలేనంది. మూడు నెలల్లో తిరగరాసి పంపితే మళ్లీ మొదటి పేజీ నుంచి చదువుతానని, అప్పుడు కూడా ఏ మాటా ఇవ్వలేనని ముందే చెప్పింది. మొదటి భాగంలో అరవై పేజీలు తగ్గించమంది. అంతవరకూ ఫరవాలేదు. ఆ తర్వాత ఇలా రాసింది:

"పదకొండో అధ్యాయంలో గదిలో ఏడుగురున్నారు. అక్క లోపలి నుంచి ఎనిమిది గ్లాసుల టీ తెచ్చింది. ఎనిమిదో గ్లాసు ఎవరు తాగారు? అక్క టీకి లోపలికి వెళ్లినప్పుడు అందరూ అరుచుకుంటున్నారు. తిరిగొచ్చేసరికి అందరూ నేల చూపులు చూస్తున్నారు. మధ్యలో ఏం జరిగింది? ఈ రెండు ప్రశ్నలకీ జవాబు ఒకటేనని నా అనుమానం. అది మీకు తెలుసని కూడా."

నాకు ఒళ్లు మండిపోయింది. ఫొటోలో చూస్తే ముప్పై ఏళ్లు కూడా ఉండవు. నేను కోర్టులో ఉద్యోగానికి చేరేనాటికి ఈ పిల్ల పుట్టి కూడా ఉండదు. నవల చదవమంటే గ్లాసులు లెక్కపెట్టుకుంటూ కూర్చుందని మా ఆయన దగ్గర తిట్టాను. ఆయన డ్రైవింగ్ స్కూల్లో నేర్పే మాస్టారు. నేను కోపంగా ఉన్నప్పుడల్లా ఆయన కుడికాలు దానంతటదే నేలకేసి నొక్కుకుంటుంది. అప్పుడూ నొక్కుకుంది.

నా సంగతి కాస్త చెప్పాలి. నేను కోర్టులో స్టెనోని. సాక్షి చెప్పేది, వకీళ్లు అడిగేది, జడ్జిగారు అనేది, ఏదీ జారిపోకుండా షార్ట్‌హ్యాండులో రాసి, తర్వాత టైపు చేస్తాను. ఇరవై తొమ్మిదేళ్లుగా ఇదే పని. ఇంట్లో నన్ను టకటక అంటారు. టైపు నేర్చుకునే రోజుల్లో అన్నం పళ్లెం మీద కూడా వేళ్లు ఆడించేదాన్నని అక్క పెట్టిన పేరది. మా పనిలో ఒక నియమం ఉంది. గదిలో ఎవరు దగ్గినా అవసరమైతే రికార్డులోకెక్కుతుంది గానీ స్టెనో ఎక్కదు. చేతులుంటాయి, చెవులుంటాయి, మనిషి ఉండదు. అలా లేకుండా పోవడంలో నన్ను మించినవాళ్లు లేరని మా ఆఫీసులో పేరు.

నవలలో ఉన్నది మా ఇల్లే. మా నాన్నకి, బాబాయికి కలిపి ఒక బేకరీ ఉండేది. పేరుకే కలిపి. పొయ్యి దగ్గర నిలబడింది నాన్న, పద్దెనిమిదో ఏట నుంచి నాన్న పక్కన అక్క. తెల్లవారుజామున లేచి పిండి పిసికేది. పొడుగు చెక్క తెడ్డుతో రొట్టెలు లోపలికి తోసి, రంగు చూసి బయటికి లాగేది. నాన్న పోయిన నెలకి బాబాయి ఇంట్లో కూర్చున్నారు. బాబాయి, పిన్ని, వాళ్లబ్బాయి, మా అమ్మ, మావయ్య, ఒక వకీలు, అక్క. పదహారు రోజుల నుంచి పొయ్యి ఆరిపోయి ఉంది, అది ఎవరిదో తేలాలి. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు, అక్కకి ముప్పై నాలుగు. రాత నీది ముత్యాల కోవ కదమ్మా, ఒప్పందం నువ్వే రాసిపెట్టు అన్నాడు బాబాయి. నేను మూలన కుర్చీ వేసుకుని పుస్తకం తెరిచాను.

సాయంత్రానికి బేకరీ బాబాయి కొడుక్కి పోయింది. అక్క అప్పటి నుంచి ఊళ్లో వాళ్ల వీళ్ల బేకరీల్లో పనిచేస్తూ వచ్చింది. ఇప్పుడు అరవై ఏళ్లు. ఆ రోజు గురించి ఒక్కసారి కూడా మాట్లాడలేదు.

ఉత్తరం వచ్చిన నాలుగో రోజున కంప్యూటర్ తెరిచి పదకొండో అధ్యాయంలో 'ఎనిమిది' కొట్టేసి 'ఏడు' అని కొట్టాను. పీడ విరగడయింది. మొదటి భాగంలో అరవై పేజీలు కాదు, డెబ్బై రెండు తీసేశాను. నా కలానికి పదునుందని చూపించడానికి రాసుకున్న వర్షం వర్ణన ఒక్కటే తొమ్మిది పేజీలు ఉంది. అదీ పోయింది. మా ఆయన ఆ అధ్యాయం చదివి, ఏడు గ్లాసులయ్యాయే అన్నాడు. ఏడుగురికి ఏడు, లెక్క సరిపోయింది అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నా దగ్గర నేర్చుకునేవాళ్లు కొందరు ఎదురుగా ఏమీ లేకుండానే బ్రేకు వేస్తారు," అన్నాడు. "ఏమీ లేదని నాకనిపిస్తుంది. వాళ్లకేదో కనిపించే ఉంటుంది."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను దేనికీ బ్రేకు వేయలేదని గట్టిగా వాదించాను.

ఆ వారంలోనే కోర్టులో ఒక సాక్షి తన వాంగ్మూలంలో ఒక ముక్క తీసేయమని బతిమాలాడు. కంగారులో నోరు జారిందట, ఇంట్లో గొడవలవుతాయట. పెద్దాయన, చూస్తే జాలేసింది. జడ్జిగారు కూడా మెత్తగానే చెప్పారు. అన్న మాట అన్నట్టే ఉంటుంది, కావాలంటే ఎందుకన్నావో చెప్పు, అదీ రాసుకుంటారు అన్నారు. నా వేళ్లు ఆ మాటల్ని కూడా రాశాయి. ఇరవై తొమ్మిదేళ్లలో నేను ఎవరి కోసమూ ఒక ముక్క తీయలేదు, బాబాయి కోసం తప్ప. ఇప్పుడు ఎనిమిదిని ఏడు చేసి, రెండోసారి అదే పని చేశాను. ఈసారి నన్నెవరూ అడగను కూడా లేదు.

ఇంటికొచ్చి అటక మీది పెట్టె దింపించాను. ఆ రోజు రాసిన షార్ట్‌హ్యాండు పుస్తకం అందులోనే ఉంది. పారేయలేదు. తొమ్మిదో పేజీలో ఒక గీత ఉంది, గీత కింద ఒక వాక్యం ఉంది. కొట్టేసిన వాక్యం చదవడం మాకు పెద్ద కష్టం కాదు.

ఆ రోజు జరిగింది ఇదీ. మాటామాటా పెరిగితే అమ్మ అక్కని టీ పెట్టుకురమ్మంది. అక్క వంటింట్లోకి వెళ్లింది. స్టవ్ వెలిగించిన చప్పుడు వినిపించింది. అప్పుడు బాబాయి గొంతు తగ్గించి వకీలుతో అన్నాడు: "అన్నయ్య పోయే ముందు, పొయ్యి పెద్దపిల్లకే ఇవ్వమని నా చెయ్యి పట్టుకుని అడిగాడు. సరేనన్నాను. కానీ ఆడపిల్ల చేతిలో పెడితే నలుగురూ నవ్వరూ?" అమ్మ వింది, మావయ్య విన్నాడు, ఎవరూ నోరు విప్పలేదు. బాబాయి నా వైపు తిరిగి, అది రాయకమ్మా అన్నాడు. అప్పటికే రాసేశాను. దాని మీద గీత గీశాను. అక్క టీ తెచ్చింది. నేను తేలు కుట్టిన దొంగలా తల దించుకుని రాసుకుంటూ పోయాను.

నోరు విప్పి ఒక్క మాట, 'అక్కా, నాన్న ఇలా అన్నాట్ట' అని ఒక్క మాట అంటే చాలు. అనలేదు. ఆ రోజు అనలేదు, తర్వాత ఇరవై ఆరేళ్లూ అనలేదు, చివరికి సొంతంగా నవల రాసుకుంటూ కూడా అనలేదు. పైగా ఆ గదిలోంచి నన్ను నేను తీసేసుకున్నాను. గ్లాసు మాత్రం అలవాటు కొద్దీ ఉండిపోయింది.

ఏడు కొట్టేసి మళ్లీ ఎనిమిది చేశాను. అధ్యాయం మొత్తం చెరిపేసి మొదటి వాక్యం రాశాను: 'మూలన కుర్చీలో నేనున్నాను.' దాని తర్వాత నెల రోజులు నాకు నేల మీద కాళ్లు ఆనలేదు. లంచ్ గంటలో మా స్టెనోల గదిలో, ఒక కాలు పొట్టిగా ఉన్న బల్ల మీద, డబ్బా మూత కూడా తీయకుండా రాశాను. మూలన కుర్చీలో ఒకత్తి కూర్చోగానే మిగతా ఏడుగురి మాటలకీ అర్థాలు మారిపోయాయి. పదకొండో అధ్యాయం మారేసరికి పన్నెండోది నిలబడలేదు. పన్నెండు మారిస్తే ఏడోది అబద్ధమైపోయింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనుకుంటూనే కడిగాను. అంతవరకూ నా వేళ్లు ఎవరో ఒకరు మాట్లాడితేనే కదిలేవి. ఇప్పుడు ఎవరి కోసమూ ఆగలేదు. ఇంత సంతోషంగా ఎప్పుడున్నానో నాకు గుర్తులేదు. సిగ్గుతో చచ్చిపోతూ కూడా సంతోషంగానే ఉన్నాను.

గడువు ఇంకా పద్దెనిమిది రోజులుంది. పంపేయొచ్చు. పంపలేదు. అచ్చయ్యాక అంగట్లో కొనుక్కుని చదివి తెలుసుకోవాల్సిన సంగతి కాదది. అక్కకి ముందు చెప్పాలి. అక్క వద్దంటే పుస్తకం లేదు, ఏజెంటూ లేదు. ఈ మాట మా ఆయనతో చెబితే కుడికాలు నొక్కుకోలేదు. కారు తాళాలు తెచ్చి చేతికిచ్చాడు.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి, కొత్త పదకొండో అధ్యాయం పట్టుకుని అక్క పనిచేసే బేకరీకి వెళ్లాను. మొదటి వాయి రొట్టెలు బయటికి వెళ్లిపోయాయి. అక్క రెండో వాయికి పిండి పిసుకుతోంది. మోచేతుల దాకా పిండి. కాగితాలు చూపిస్తే, నా చేతులు ఇలా ఉన్నాయి, నువ్వే చదువు అంది. చదివాను. కోర్టులో వాంగ్మూలం చదివి వినిపించే గొంతుతోనే మొదలుపెట్టాను, వేరే గొంతు నాకు రాదు. బాబాయి మాట దగ్గరికి వచ్చేసరికి ఆ గొంతు కూడా పోయింది. ఎలాగో పూర్తిచేశాను.

అక్క చేతులు ఆగలేదు. పిండి ముద్దని ఎత్తి బల్లకేసి ఒక్కటి కొట్టింది. ట్రేలన్నీ అదిరాయి.

"నాన్న అన్నాడా?" అంది.

"అన్నాడట."

"అమ్మకి తెలుసా?"

"తెలుసు."

"నీకూ తెలుసు."

"తెలుసు," అన్నాను.

అక్క తల తిప్పకుండానే, ఇక్కణ్ణుంచి వెళ్లమంది. నేను కాగితాలు పిండి అంటని మూల చూసి పెట్టి వచ్చేశాను. ఇంటికొచ్చి, ఏజెంటుకి రాయాల్సిన ఉత్తరం సిద్ధం చేసుకున్నాను. క్షమించండి, నవల పంపలేకపోతున్నాను, కారణం చెప్పలేను అని. పుస్తకం పోతోందన్న బాధ ఒక పక్క, అక్క పోతోందన్న భయం ఒక పక్క. రెండోదే పెద్దది.

తొమ్మిది రోజులు అక్క ఫోన్ ఎత్తలేదు. పదో రోజు మధ్యాహ్నం, కోర్టు గేటు దగ్గర ఎవరో ముసలావిడ పెద్ద కర్రతో గొడవ చేస్తోందని, నా పేరు చెబుతోందని గార్డు కబురు చేశాడు. పరిగెత్తాను. గేటు బయట అక్క. భుజం మీద ఆరడుగుల చెక్క తెడ్డు. చివర మసి పట్టి నల్లగా, పిడి మా నాన్న అరచేయి రాపిడికి నున్నగా ఉంది. ఆయుధాలు లోపలికి రానివ్వమంటున్నాడు గార్డు. ఇది ఆయుధమైతే నువ్వు పొద్దున తిన్న బన్ను బాంబా అంటోంది అక్క. బస్సులో కండక్టరు కూడా దీనికి టికెట్ అడిగాడట, అడ్డంగా పెట్టాను కదా, నిలువుగా ఎదిగాక తీసుకుంటాలే అందట. అక్క అంత గలగలా మాట్లాడటం నేను విని ఎన్నేళ్లయిందో.

ఎదురుగా టీ బడ్డీ పక్కన బెంచీ మీద కూర్చున్నాం. తెడ్డుని గోడకి ఆనించింది. బాబాయి దగ్గరికి వెళ్లి వచ్చిందట. ఆయనకి ఎనభై మూడు, మంచం మీద ఉన్నాడు. ఎదురుగా కుర్చీ వేసుకుని ఆ పేజీలు చదివి వినిపించిందట. అందరూ ఉండగానే, కొడుకూ కోడలూ వింటుండగా. ఇది నిజమా కాదా అని అడిగిందట. పైకప్పు చూస్తూ, నిజమే అన్నాడట. మళ్లీ గట్టిగా చెప్పమందట. మళ్లీ చెప్పాడట.

"ఇప్పుడేం కావాలి నీకు అన్నాడు కొడుకు. భయపడ్డాడు పాపం," అంది అక్క. "నాన్న తెడ్డు కావాలన్నాను. వాళ్లకెందుకది, కరెంటు పొయ్యి కదా ఇప్పుడు. గోడౌన్‌లో పడి ఉంది. నేనే వెతుక్కుని తెచ్చుకున్నాను."

నేను ఏడ్చాను. అక్క ఏడవలేదు. చీర కొంగుముడి విప్పి నా కాగితాలు తీసింది. పక్కన పెన్సిలుతో గుర్తులున్నాయి. ఏజెంటు ఉత్తరంలో ఎత్తి చూపినవాటికన్నా ఎక్కువ.

మొదటి సంగతి, పొయ్యి తలుపు ఎడమ వైపు తెరుచుకుంటుందట, కుడి వైపని రాశానట. ఇరవై ఏళ్లు చూసిన తలుపు కూడా గుర్తులేదా అని తిట్టింది. రెండో సంగతి, అమ్మని మరీ రాయిలా రాశానట. ఆవిడ నోరు విప్పకపోయినా ఆ రాత్రి అన్నం తినలేదు, అది ఉండాలంది. మూడోది, టీ తెచ్చి అందరి ముఖాలూ చూసి అక్క కళ్లనీళ్లు పెట్టుకుందని రాశాను.

"నేను ఏడవలేదే. తీసెయ్. ఎవరి కోసం ఏడిపించావు నన్ను?"

తీసేస్తానన్నాను. అసలు ఈ పుస్తకం బయటికి వెళ్లడం ఇష్టమేనా అని అడిగాను. నీ బుర్ర బేకరీలో పెట్టి మర్చిపోయి వచ్చావా, ఇష్టం లేకపోతే పెన్సిలు కొనుక్కుంటానా అంది. అప్పుడు ధైర్యం చేసి, ఆ ఎనిమిదో గ్లాసు ఎవరు తాగారో నీకేమైనా గుర్తుందా అన్నాను.

"నీదే అది. మూలన కూర్చున్నావని నీ కోసం చక్కెర ఎక్కువేసి తెచ్చాను. నువ్వు ముట్టుకోలేదు. రాస్తూనే ఉన్నావు. చల్లారిపోతే వంటింట్లోకి తీసుకెళ్లి నేనే తాగాను." లేచి తెడ్డు భుజానికెత్తుకుంది. "కోపం పోయిందనుకోకు. పోయినప్పుడు చెప్తాను."

బెంచీ మీదే ఆ మాటలన్నీ షార్ట్‌హ్యాండులో రాసుకున్నాను. ఎవరు అడ్డమొచ్చినా వాటి మీద గీత గీయననుకున్నాను. గడువుకి రెండు రోజుల ముందు నవల పంపాను. రెండు వందల ఎనభై పేజీలు, తలుపు ఎడమ వైపు, అమ్మ తినని అన్నం, ఏడవని అక్క.

ఇరవై రోజులకి ఏజెంటు ఫోన్ చేసింది. కోర్టు వరండాలో ఉన్నాను. రెండుసార్లు చదివానండీ అంది. మొదటిసారి బస్సులో చదువుతూ దిగాల్సిన స్టాపు దాటిపోయానంది. నా పుస్తకం తనే తీసుకుంటానని, ఎవరు ముందుకొచ్చినా ఇవ్వొద్దని చెప్పింది. ఆ మాట కోసం పద్నాలుగు గడపలు ఎక్కి దిగినదాన్ని, విన్నాక ఏమనాలో తెలియక, "రికార్డు చేసుకున్నాను" అన్నాను. ఆ పిల్ల పకపకా నవ్వింది. అప్పుడు నేనూ నవ్వాను. వరండాలో వకీళ్లు తిరిగి చూశారు. ఆ కోర్టులో నా నవ్వు వినడం వాళ్లకదే మొదటిసారి.

ఒప్పందం మీద సంతకానికి రమ్మంటే అక్కని వెంటబెట్టుకుని వెళ్లాను. సాక్షి సంతకం కావాలన్నారు మరి. ఏజెంటుది మేడమీద చిన్న గది, గోడల నిండా పుస్తకాలు, కిటికీలో ఎండ. ఫొటోలోకంటే ఇంకా చిన్నపిల్లలా ఉంది. అక్కని చూడగానే కుర్చీలోంచి లేచి, మీరు నిజంగా ఏడవలేదా అని అడిగింది. అక్క గర్వంగా తల అడ్డంగా ఊపింది.

ఏజెంటు తనే మూడు గ్లాసుల్లో టీ పోసి బల్ల మీద పెట్టి, ఒప్పందం పైకి చదవడం మొదలుపెట్టింది. 'రచయిత' అని, దాని పక్కన నా పేరు. ఒక్కో షరతూ చదివి వివరిస్తోంది. నాకు తెలియకుండానే నా చెయ్యి పెన్ను అందుకుంది. కవరు వెనకాల ఆ మాటలు రాసేస్తున్నాను. మూడో షరతు సగంలో ఉండగా అక్క చెయ్యి వచ్చి నా వేళ్ల మీద పడింది. రొట్టెలు కాల్చిన చెయ్యి, బరువైనది. పెన్ను లాగేసుకుని, ఆ చోట గ్లాసు పెట్టింది.

"రాసింది చాల్లే, టకటకా. వేడి మీద తాగు."

ఏజెంటు చదవడం ఆపింది. నేను గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాను. చక్కెర ఎక్కువైంది. అక్క వేసి ఉంటుంది. అడుగు దాకా తాగి, ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి, సంతకం చేశాను.